ముందుకు ఒరిగిన అక్షరాలు

సత్యవేడులో బోర్డులు చదువుకుంటూ నడిచేవారికి ఒక్క లిపితో సరిపోదు. తెలుగు ఉంటుంది, ఇంగ్లీషు ఉంటుంది, మధ్యమధ్య తమిళమూ పలకరిస్తుంది. అందుకు కారణం ఊరి చరిత్రలోనే ఉంది. 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాలు తమ సరిహద్దులను సరిచేసుకున్నాయి. అప్పుడు తిరుత్తణి అటు వెళ్లింది, చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చి చిత్తూరు జిల్లాలో కలిసింది. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక అది తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 2008లో శ్రీసిటీ పారిశ్రామికవాడ మొదలైన తరువాత ఈ చుట్టుపక్కలకు ఇసుజు కార్ల ఫ్యాక్టరీ, మెట్రో రైలు పెట్టెలు చేసే ఆల్‌స్టామ్ వచ్చాయి. సత్యవేడు మండలంలోనే మాదనపాళెం దగ్గర హీరో మోటోకార్ప్ వచ్చింది. వాటి వెంట లారీలు, కొరియర్ వ్యాన్లు, హాస్టళ్లు, హోటళ్లు, మొబైల్ షాపులు వచ్చాయి. ఇవన్నీ తమ పేర్లను గోడల మీద, తలుపుల మీద, టార్పాలిన్ల మీద రాసుకున్నాయి.

ఈ రాతల్లో ఒక తరహా అక్షరం పదే పదే కనిపిస్తుంది. మందంగా ఉంటుంది, ముందుకు వాలి ఉంటుంది, కొసల్లో ఏ అలంకారమూ ఉండదు. బైకు ట్యాంకు మీది స్టిక్కరు, టైర్ల షాపు బోర్డు, క్రికెట్ జట్టు జెర్సీ, పండగ తగ్గింపు ధరల ఫ్లెక్సీ, అన్నిట్లోనూ అదే. అక్షరాల పనివాళ్ల భాషలో దాన్ని బోల్డ్ ఇటాలిక్ సాన్స్ సెరిఫ్ అంటారు. వ్యాసం చదవడానికి కాదు, దూరం నుంచి కన్ను లాగడానికి పుట్టిన అక్షరం అది. ఇంగ్లీషులో రాసినప్పుడు అది బిగువుగా, దూకబోతున్నట్టు నిలబడుతుంది. దాని కిందే అదే మాటను తెలుగులో అదే వాలుతో పెడితే మాత్రం ఎవరో పక్కనుంచి తోసినట్టుంటుంది. కారణం ఫలానా అని అందరూ చెప్పలేకపోవచ్చు, తేడా మాత్రం అందరి కంటికీ తగులుతుంది.

తప్పు తెలుగు లిపిది కాదు. ఇంగ్లీషు వాలు అక్షరాన్ని ఒక మనిషి కూర్చుని గీశాడు. తెలుగు వాలు అక్షరాన్ని ఎక్కువసార్లు కంప్యూటరే ఒంచింది.

వాలు అక్షరం పుట్టింది ఇటలీలో. 1501లో వెనిస్ నగరపు ప్రచురణకర్త ఆల్డస్ మనూషియస్, ఫ్రాంచెస్కో గ్రిఫో అనే పనివాడి చేత చేతిరాతను పోలిన అచ్చు అక్షరాలు చెక్కించి, జేబులో పట్టే పుస్తకాలు వేశాడు. అప్పట్లో అది నొక్కి చెప్పడానికి వాడే అక్షరం కాదు, పుస్తకమంతా అదే. నిటారు అక్షరానికి తోడుగా, ఒక మాటను వేరుచేసి చూపించడానికి వాడటం తరువాతి కాలపు అలవాటు. కొసల్లో ముక్కులు లేని అక్షరం, అంటే సాన్స్ సెరిఫ్, అచ్చు కంపెనీల నమూనా పుస్తకాల్లోకి వచ్చింది 1816లో, లండన్‌లో కాస్లన్ కుటుంబం వారి దగ్గర. గోడ పోస్టర్లు, రైళ్లు, దుకాణాల పోటీ పెరిగిన ఆ శతాబ్దంలోనే మందపు అక్షరాలకు గిరాకీ పెరిగింది. 1927లో జర్మనీలో పాల్ రెన్నర్ ఫ్యూచురా గీశాడు. దాని బోల్డ్ వాలు రూపాన్ని ఎర్రటి పట్టీ మీద తెల్లగా పెట్టి అమెరికన్ చిత్రకారిణి బార్బరా క్రూగర్ 1980లలో తన చిత్రాలకు గొంతు ఇచ్చింది. ఆటల బూట్ల కంపెనీలు, యువత బట్టల కంపెనీలు అదే తరహాను పట్టుకున్నాయి. ఎడమ నుంచి కుడికి చదివే కంటికి కుడివైపు ఒరిగిన అక్షరం పరుగులా తోస్తుంది. మందం దానికి బలం ఇస్తుంది. రెండూ కలిస్తే అమ్మకానికి, ఆటకు, వేగానికి సరిపోయే గొంతు తయారవుతుంది.

తెలుగుకు ఈ గొంతు అక్కర్లేదని ఎవరూ అనలేరు. ఎన్నికల గోడ రాతల నుంచి సినిమా టైటిళ్ల దాకా మనకు కావలసినంత అవసరం ఉంది. పైగా కొసల్లో అలంకారం లేని, ఒకే మందం గీతతో సాగే అక్షరం మనకు కొత్తదీ కాదు. తాటాకు మీద గంటంతో గీకినప్పుడు వచ్చే గీత అంతటా ఒకే సన్నం. ఆ గీతకు మసి పూస్తే అక్షరం తేలుతుంది. సత్యవేడుకు పొరుగునున్న శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లు వెదురు కలంతో దేవతల బొమ్మలు గీసి, కథ తెలిసేలా తెలుగులో పేర్లూ మాటలూ రాయడం పాత సంప్రదాయం. ఆ రాతలోనూ గుండ్రదనమే ప్రధానం. సన్నం, లావు మార్చి మార్చి నడిచే అక్షరం మనకు ఎక్కువగా అచ్చుతో స్థిరపడింది. మద్రాసులో పనిచేసిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746లో జర్మనీలోని హాలె నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తరువాత శ్రీరాంపూర్ మిషన్ తెలుగు అక్షరాలు పోతపోసింది. 1812 అగ్నిప్రమాదంలో అక్కడి సరంజామా కాలిపోతే మళ్లీ పోసుకుని 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణాన్ని వెలువరించారు. ఆపై మద్రాసు ముద్రణాలయాలు ఆ పనిని చాలా ముందుకు తీసుకుపోయాయి.

ఈ అచ్చు చరిత్రలో వాలు అక్షరానికి చోటు దాదాపు లేదు. ఒక మాటను నొక్కి చెప్పాలంటే తెలుగు పుస్తకం దాన్ని లావు అక్షరంలో వేసింది, లేదా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టింది. వాలు చేతిరాత ఎంతోమందికి ఉంది, వాలు అచ్చు మాత్రం లేదు. అది కంప్యూటరుతో వచ్చింది, అదీ ఒక బటన్ రూపంలో. పేజీమేకర్‌లోనో కోరల్‌డ్రాలోనో అక్షరాన్ని ఎంచుకుని ఇటాలిక్ నొక్కితే చాలు. ఫాంటులో గీసిన ఇటాలిక్ లేకపోతే, ఉన్న నిటారు అక్షరాన్నే సాఫ్ట్‌వేర్ ఒక కోణంలో ఒంచి చూపిస్తుంది. వెబ్ బ్రౌజర్ల ప్రమాణాల్లో ఆ కోణం 14 డిగ్రీలు.

ఈ 14 డిగ్రీల దగ్గరే కాస్త ఆగాలి, అసలు కథ ఇక్కడుంది.

అక్షరాన్ని 14 డిగ్రీలు ఒంచడమంటే దాని ఎత్తులో నాలుగో వంతు పక్కకు జరపడం. ఫ్లెక్సీ మీద అక్షరం గుడి పైకొన నుంచి ఒత్తు అడుగు దాకా 4 అడుగులుంటే, పైకొసకూ కిందికొసకూ మధ్య ఒక అడుగు పక్కతేడా వస్తుంది. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు ఒకే గీత మీద నిలబడి ఒకే ఎత్తులో ఆగిపోతాయి, వాటికి కిందా మీదా ఏమీ లేదు. తెలుగు అక్షరానికి పైన గుడి, ఏత్వం, తలకట్టు ఉంటాయి. కింద ఒత్తు ఉంటుంది, కొన్నిసార్లు ఒత్తు కింద మరో ఒత్తు. అంటే అదే కోణానికి మన అక్షరం వాళ్లకంటే ఎక్కువ చెదురుతుంది. వరుస మొదట్లో ఒత్తు ఉన్న అక్షరం వస్తే ఆ ఒత్తు ఎడమ అంచు దాటి బయటికి పొడుచుకు వస్తుంది. రెండు వరుసల హెడ్డింగును దగ్గర దగ్గరగా పేర్చితే పై వరుస ఒత్తు ఎడమకు జరుగుతుంది, కింది వరుస గుడి కుడికి జరుగుతుంది. నిటారుగా ఉన్నప్పుడు తగలని రెండూ ఇప్పుడు ఢీకొంటాయి. దాంతో ఆపరేటరు వరుసల మధ్య ఎడం పెంచుతాడు, హెడ్డింగు బిగువు పోతుంది.

ఇది పైకి కనిపించే ఇబ్బంది. దీనికన్నా లోతైనది గీత మందంలో ఉంది. నిలువు గీతను 14 డిగ్రీలు ఒంచితే దాని మందం సుమారు 3 శాతం తగ్గుతుంది, అడ్డగీతకు ఏమీ కాదు. నిలువు, అడ్డ గీతలతో కట్టిన ఇ, హెచ్, టి వంటి ఇంగ్లీషు అక్షరాలు అందుకే ఆ దెబ్బను తట్టుకుంటాయి. గుండ్రని గీత అలా కాదు. అంతటా 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక సున్నను అదే కోణంలో ఒంచండి. కుడివైపు పైన, ఎడమవైపు కింద మందం 11 మిల్లీమీటర్లు దాటుతుంది. ఎడమవైపు పైన, కుడివైపు కింద 9కి లోపే పడిపోతుంది. సమంగా ఉన్న గీతలో ఒకచోటికీ ఇంకోచోటికీ పాతిక శాతానికి పైగా తేడా వచ్చిందన్నమాట. ఇంగ్లీషులో ఇలా చెదిరే ప్రమాదం ఎక్కువగా ఓ, సి వంటి వంపు అక్షరాలకే ఉంది. తెలుగులో అక్షరమంటేనే వంపు. ర, ఠ, ద, బ, అ, ఇ, ఏది తీసుకున్నా వంపులే. అందువల్ల మాట మొత్తం ఒక పక్క వాచినట్టు, మరో పక్క పీక్కుపోయినట్టు కనిపిస్తుంది. ఎవరో తోసినట్టున్న ఆ భావన ఇక్కడి నుంచే వస్తుంది.

ఇంగ్లీషు ఓ అక్షరానికీ ఇదే జరగాలి కదా అని అనిపించవచ్చు. జరగదు, ఎందుకంటే మంచి ఫాంటులో దాన్ని ఒంచి వదిలెయ్యరు. ఒంచాక గీతను మళ్లీ దిద్దుతారు. లావెక్కిన చోట చెక్కుతారు, సన్నబడిన చోట నింపుతారు, లోపలి ఖాళీని సవరిస్తారు. ఫ్యూచురా వంటి ఫాంట్ల వాలు రూపాలు చూడ్డానికి ఒంచినట్టే ఉన్నా వాటి వెనక ఈ చేతిపని ఉంటుంది. తెలుగుకు అందని పని ఇదే.

మందం సంగతి వేరే చిక్కు. తెలుగులో చాలా జంట అక్షరాల మధ్య తేడా ఒక చిన్న చుక్కో, చిన్న గీతో. ర మధ్యలో చుక్క పెడితే ఠ. ద కింద చిన్న గీత చేరితే ధ, లోపల చుక్క కూడా చేరితే థ. గీతను లావు చేస్తూ పోతే లోపలి ఖాళీ తరిగి ఈ చుక్కలు మూసుకుపోతాయి. ఘ, ఝ, ఞ వంటివి ముద్దలవుతాయి. కాబట్టి బోల్డ్ తెలుగు గీసేవారు గీతలన్నిటినీ ఒకే కొలతలో లావు చెయ్యరు. అక్షరాన్ని కొంచెం వెడల్పు చేస్తారు, రెండు గీతలు కలిసే చోట పదును పెట్టి సందు విడిపిస్తారు, ఒత్తును సన్నబరుస్తారు. ఇంత జాగ్రత్తగా నిలబెట్టిన ఖాళీలను ఆ పైన కంప్యూటరు ఒంచితే ఎడమవైపు పై మూలల్లో గీత పలచబడి, కుడివైపు పై మూలల్లో చుక్క గీతకు అంటుకుంటుంది.

కంప్యూటరుకు ముందు ఈ పని చేసినవాళ్లు మనకు ఉన్నారు. సైన్ బోర్డు పెయింటరు గోడ మీద సుద్దదారం కొట్టి రెండు గీతలు వేసుకుని, సుద్దముక్కతో అక్షరాల అంచులు గీసుకుని, చదునైన బ్రష్షుతో ఎనామెల్ రంగు నింపేవాడు. అతను వాలు అక్షరం రాస్తే ఒత్తును లెక్క ప్రకారం ఎడమకు జరపడు, ఖాళీ ఎక్కడుందో అక్కడ కూర్చోబెడతాడు. గుడిని పక్క అక్షరానికి తగలకుండా ఆపుతాడు. వంపును మణికట్టు తిప్పి నిండుగా తెస్తాడు. ఫాంటు రూపకర్త వారాల తరబడి చేసే సవరణలన్నీ అతను గోడ ముందు నిలబడే చేసేవాడు. ఫ్లెక్సీ ప్రింటింగు వచ్చాక ఆ చేతులు చాలావరకు వేరే పనుల్లోకి వెళ్లిపోయాయి. వెళ్తూ వెళ్తూ ఈ జ్ఞానం కూడా తమతోనే తీసుకుపోయాయి. తెలుగు అక్షరానికి జరిగిన నష్టాల్లో ఇది పెద్దది, దీన్ని లెక్కలోకి తీసుకున్నవారు తక్కువ.

పత్రికల్లో, సినిమాల్లో మాత్రం కొంత మిగిలింది. వారపత్రికల్లో కథల పేర్లను ఆర్టిస్టులు చేత్తో గీసిన కాలం ఒకటుంది. బాపు అక్షరాన్ని తెలుగువాడు పేరు చూడకుండానే గుర్తుపడతాడు. ఆయన చేతిరాత తరువాత ఫాంటుగా మారి శుభలేఖల మీదికి, పుస్తకాల అట్టల మీదికి చేరింది. బాపు తీసిన సాక్షి (1967) చిత్రంతోనే పబ్లిసిటీ ఆర్టిస్టుగా మొదలైన ఈశ్వర్, దశాబ్దాల పాటు తెలుగు సినిమా పోస్టర్లకు, టైటిళ్లకు రూపమిచ్చి, తన రంగం గురించి సినిమా పోస్టర్ అనే పుస్తకం రాశారు. సినిమా టైటిలు ఫాంటుతో టైపు చేసేది కాదు, ఆ కథ కోసం గీసేది. పోరాటాల సినిమాకు అక్షరం లావుగా ఒరిగేది, ప్రేమకథకు మెలికలు తిరిగేది. ఒత్తు దీర్ఘంతో కలిసిపోయేది, గుడి బాణమయ్యేది. వాలు అక్షరం తెలుగుకు నప్పదనే మాటకు ఆ పోస్టర్లే జవాబు.

ఇక ఇప్పుడున్న ఫాంట్ల సంగతి. 2010ల ఆరంభంలో సిలికానాంధ్ర సంస్థ ఆధ్వర్యంలో ఉచిత తెలుగు ఫాంట్లు వరుసగా వచ్చాయి. వాటిలో చాలావాటిని పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించారు. అష్టదిగ్గజాల పేర్లు పెట్టిన వరుస వాటిలో ముచ్చటైనది: పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ, రామభద్ర. శ్రీకృష్ణదేవరాయ అని మరొకటి. సత్యవేడు నియోజకవర్గంలోని నాగలాపురం వేదనారాయణస్వామి గుడి రాయల పేరుతో ముడిపడినదే, ధూర్జటి కావ్యమూ శతకమూ చెప్పింది శ్రీకాళహస్తీశ్వరుడి మీదే. అంటే ఈ ప్రాంతపు పేర్లే ఇవాళ ప్రపంచంలో ఎవరైనా దించుకోగల ఉచిత ఫాంట్ల జాబితాలో దొరుకుతాయి. వీటిలో రామభద్ర లావుపాటి, అలంకారం లేని హెడ్డింగు అక్షరం. మన విషయానికి అతి దగ్గరిది అదే. అయితే అది ఒకే మందంలో, నిటారుగా మాత్రమే ఉంది.

తరువాత వచ్చినవి ఇంకా విస్తృతమైనవి. ఇండియన్ టైప్ ఫౌండ్రీ హింద్ గుంటూరు ఐదు మందాల్లో వచ్చింది. ఎక్ టైప్ సంస్థ బాలూ తమ్ముడు గుండ్రంగా, నిండుగా, దుకాణాల బోర్డులకు బాగా అమరింది. అదే సంస్థ 2022లో విడుదల చేసిన అనేక్ తెలుగులో మందాన్ని, వెడల్పును రెండింటినీ కావలసినంత మార్చుకోవచ్చు. నోటో సాన్స్ తెలుగు తొమ్మిది మందాల్లో ఉంది. పదిహేనేళ్ల కిందటితో పోలిస్తే ఇది గొప్ప సంపద. కానీ ఈ నాలుగింటిలోనూ గీసిన ఇటాలిక్ లేదు. జాన్ హడ్సన్, ఫియోనా రాస్‌ల టిరో తెలుగుకు ఇటాలిక్ జత ఉంది, అయితే అది సాహిత్య పుస్తకాల లోపలి పేజీల కోసం చేసిన సున్నితమైన అక్షరం. ఫ్లెక్సీ మీద అరవడానికి కాదు. కాబట్టి తెలుగులో బోల్డ్ ఇటాలిక్ హెడ్డింగు కావాలనుకున్న డీటీపీ ఆపరేటరు మళ్లీ ఆ బటన్ దగ్గరికే వెళ్తాడు. అతన్ని తప్పుపట్టే పని లేదు, అతని చేతికి మరొకటి ఎవరూ ఇవ్వలేదు.

ఇవ్వడం ఎంత పని? తెలుగు ఫాంటుకు అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, ఒత్తులు, వాటి కలయికలు అన్నీ చేరి కొన్ని వందల రూపాలు కావాలి. ప్రతిదాన్నీ ఒంచాక దిద్దాలి. కోణాన్ని కూడా ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకోనక్కర్లేదు. మన అక్షరం ఎత్తులో ఎక్కువ గనుక 8 డిగ్రీల వాలే 14 డిగ్రీలంత కదలికను చూపించగలదు, వంపుల మందం దెబ్బతినడమూ ఆ మేరకు తగ్గుతుంది. ఒత్తును పూర్తి వాలుకు వదలకుండా కాస్త కుడికి లాగి అక్షరం కిందే ఉంచాలి. ఏత్వం, గుడి పొట్టిగా చెయ్యాలి. పరీక్షించడానికి ఈ చుట్టుపక్కల ఊళ్ల పేర్లే చాలు. వరదయ్యపాళెంలో యావత్తు, దీర్ఘం, ఎత్వం, సున్న అన్నీ ఉన్నాయి. శ్రీకాళహస్తిలో మొదటి అక్షరానికే పైన గుడిదీర్ఘం, కింద క్రావడి, చివర స్తిలో గుడీ ఒత్తూ కలిసి ఉన్నాయి. పిచ్చాటూరు, పుత్తూరు ద్విత్వాల బరువు చూపిస్తాయి. ఈ నాలుగు పేర్లు పేర్చి రెండు వరుసల్లో పెట్టినా అక్షరాలు ఒకదానికొకటి తగలకుండా, మందం చెదరకుండా నిలబడితే ఆ ఫాంటు ఏ హెడ్డింగుకైనా నిలబడుతుంది.

చట్టపరమైన అడ్డంకి కూడా లేదు. రామభద్ర, బాలూ తమ్ముడు, అనేక్, నోటో అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. ఎవరైనా వాటి మూల రూపాలను తీసుకుని మార్చి మళ్లీ విడుదల చెయ్యవచ్చు. చేసినదాన్ని అదే లైసెన్సు కింద ఇవ్వాలి, మూలం పేరు రిజర్వు చేసి ఉంటే కొత్త పేరు పెట్టాలి, అంతే. హైదరాబాద్ ఐఐటీలో డిజైన్ విభాగం ఉంది. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో, కడపలోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఉన్నారు. ఒక మంచి బోల్డ్ తెలుగు ఫాంటుకు వాలు జత గీయడం అక్కడి ప్రాజెక్టు పనికి సరిగ్గా తగిన పరిమాణం. పెయింటర్లలో ఇంకా బ్రష్షు పట్టగలవాళ్లను పిలిచి, వాళ్లు రాసిన ఒరిగిన అక్షరాలను ఫొటోలు తీసి, ఒత్తును ఎక్కడ పెట్టారో కొలిచి ఆ పని మొదలుపెట్టవచ్చు.

అప్పటిదాకా ఫ్లెక్సీ, డీటీపీ పనివాళ్లకు కొన్ని మార్గాలున్నాయి. తెలుగు వరుసను నిటారు బోల్డులోనే ఉంచి, దాని వెనక రంగు పట్టీని మాత్రం ఏటవాలుగా వెయ్యవచ్చు. కదలిక కనిపిస్తుంది, అక్షరం చెడదు. తప్పనిసరిగా ఒంచవలసి వస్తే కోణాన్ని 6, 7 డిగ్రీల దగ్గర ఆపాలి. కోరల్‌డ్రాలో అక్షరాలను గీతలుగా మార్చుకుని, ముందుగా ఒత్తులను విడదీసి కుడికి జరిపి, ఆ తరువాత ఠ, థ లోపలి చుక్కలను చూసుకోవాలి. పక్కన ఇంగ్లీషు పేరు ఉంటే తెలుగు అంత ఎత్తుకు దాన్ని సాగదీయకుండా, తెలుగు అక్షరపు నడుము ఎత్తుకు ఇంగ్లీషు ఎత్తును సరిపెడితే రెండు లిపులూ ఒకే బరువుతో కనిపిస్తాయి.